పోయిన ఫైళ్లు వెతకడం, పాత డిస్కు తుడవడం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మా రిపేరు కౌంటరు దగ్గరికి "ఫైళ్లు పోయాయన్నా" అంటూ ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: పోయిన తర్వాత ఆ సిస్టమ్‌లో ఏం చేశారు? వెంటనే ఆపేశామన్నవాళ్లకి ధైర్యం చెబుతాను. వీడియోలు చూసి నాలుగు సాఫ్ట్‌వేర్లు ఎక్కించామన్నవాళ్లకి మాత్రం ఏ హామీ ఇవ్వను.

హార్డ్ డిస్కులో ఫైల్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారనుకోండి. విండోస్ ఆ ఫైల్ పద్దు కొట్టేసి, ఆ జాగా ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. అసలు డేటా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, ఇంకోటి వచ్చి దాని మీద పడేదాకా. మీరు హడావిడిగా ఇన్‌స్టాల్ చేసే రికవరీ సాఫ్ట్‌వేరే ఆ ఇంకోటి కావచ్చు. అందుకే డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి వెతకండి. దొరికినవి సేవ్ చేసేది కూడా వేరే డ్రైవ్‌లోనే.

మామూలు డిలీట్ అయితే ముందు రెకువా అనే రికవరీ సాఫ్ట్‌వేర్ వాడి చూడండి, చాలాసార్లు ఫైల్ పేర్లతో సహా వస్తాయి. మెమరీ కార్డు ఫార్మాట్ అయిపోయిందని పెళ్లి ఫొటోగ్రాఫర్లు టెన్షన్‌గా వస్తే నేను తీసేది ఫొటోరెక్ అనే ఇంకో రికవరీ సాఫ్ట్‌వేర్. ఉచితమే. పెద్ద ఎస్‌డీ కార్డుకైతే పక్క అంచున ఒక చిన్న మీట ఉంటుంది, ముందు దాన్ని లాక్ వైపు జరపండి, పొరపాటున ఏమీ రాయకుండా అడ్డుపడుతుంది. తర్వాత ఫొటోరెక్ తెరిస్తే నల్లటి స్క్రీన్ మీద డిస్కుల జాబితా వస్తుంది. భయపడకండి, బాణం గుర్తులు, ఎంటర్‌తోనే పని. కార్డు సైజు చూసి ఎంచుకోండి, ఫైల్ సిస్టమ్ అడిగినచోట 'అదర్', ఫార్మాట్ అయిన కార్డయితే ఆ తర్వాత 'హోల్'. సేవ్ చేసే ఫోల్డర్ చూపించి సీ అక్షరం నొక్కండి. పాత పేర్లు రావు, 'ఎఫ్' తర్వాత వరసగా అంకెలుంటాయి. ఫొటో తీసిన తేదీ మాత్రం లోపల పదిలంగానే ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి సర్దుకుంటే పెళ్లికూతురు, మంగళస్నానం, తలంబ్రాలు వరసలోకి వచ్చేస్తాయి.

డిస్కు టిక్ టిక్‌మంటుంటే ఏ సాఫ్ట్‌వేరూ వద్దు. లోపల డేటా చదివే హెడ్ పాడైన లక్షణమది, కరెంటిచ్చిన ప్రతిసారీ ప్లాటర్, అంటే డేటా ఉండే గుండ్రటి పళ్లెం, గీసుకుపోవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా ఇప్పటికీ తిరుగుతోంది, అలా తెచ్చిన డిస్కుల్లో చెమ్మ చేరి ఉన్న ఆశ కూడా పోతుంది. దుమ్ము చేరని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌కి ఇవ్వండి, ఖర్చు గట్టిగానే ఉంటుంది.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీ కథ వేరు. ఫైల్ డిలీట్ కాగానే విండోస్ 'ట్రిమ్' ఆదేశం పంపుతుంది, డ్రైవ్ ఆ జాగాని లోపలే శుభ్రం చేసుకుంటుంది. కాసేపటికే వెతకడానికి ఏమీ మిగలకపోవచ్చు. బ్యాకప్ ఉందా అని అడగడం తప్ప మేం చేయగలిగింది తక్కువ.

ఇక అమ్మే డిస్కుల సంగతి. "ఫార్మాట్ చేసే ఇచ్చానండీ" అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. క్విక్ ఫార్మాట్ చేసిన డిస్కు మీద ఫొటోరెక్ నడిపితే ఆధార్, పాన్ స్కాన్లు వరసగా బయటికొస్తాయి. హార్డ్ డిస్కయితే ఫార్మాట్ పెట్టెలో 'క్విక్ ఫార్మాట్' టిక్కు తీసేయండి. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ ఆ భాగమంతా సున్నాలు రాస్తుంది. డిస్కు మొత్తానికైతే డిస్క్‌పార్ట్, విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసి వాడే టూల్ అది: 'లిస్ట్ డిస్క్' కొట్టి సైజు రెండుసార్లు చూసుకోండి, 'సెలెక్ట్ డిస్క్' తర్వాత నంబరు, ఆపైన 'క్లీన్ ఆల్'. నిజంగా తుడవాలా అని అది అడగదు. మధ్యలో 'ఆల్' మరిచిపోతే పార్టిషన్ల వివరాలే పోతాయి, డేటా పోదు. సెకనుకు 100 ఎంబీ రాసే 1 టీబీ డిస్కుకి దాదాపు 3 గంటలు పడుతుంది. 35 సార్లు తుడవాలన్న మాట 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పేపర్ నుంచి వచ్చింది, అప్పటి పాత డిస్కుల లెక్క అది. ఇప్పటివాటికి ఒక్కసారి చాలు.

ఎస్ఎస్‌డీ మీద ఈ సున్నాల పద్ధతిని నమ్మొద్దు. అరుగుదల సమానంగా ఉండాలని డ్రైవ్ రాతల్ని లోపల అటూ ఇటూ మారుస్తుంది, కొన్ని చోట్లకి మీ సున్నాలు చేరనే చేరవు. కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్‌లోగానీ, బయోస్‌లోగానీ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) డ్రైవ్ తనంతట తనే అంతా చెరుపుకునే 'సెక్యూర్ ఎరేజ్' ఉంటే అదే వాడండి. ల్యాప్‌టాప్ కొన్న రోజే, డిస్కులోని డేటాకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ పెట్టుకుంటే ఈ తలనొప్పి చాలా తగ్గుతుంది, తాళంచెవి లేకుండా లోపలున్నది ఎవరికీ అర్థం కాదు.

అసలు స్టార్టే కాని డిస్కుకి డ్రిల్లింగ్ మెషినే గతి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో ప్లాటర్లు చాలావరకు గాజువి, పగిలి ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి. ఎస్ఎస్‌డీ అయితే రంధ్రం పడాల్సింది ఖాళీ బోర్డుకి కాదు, పైనున్న నల్ల మెమరీ చిప్పులకి, ఒక్కటీ వదలకుండా.