మిషన్ మీద బొంత కుడుతున్నారా? దారం తెగకుండా ముందే చూసుకోవాల్సినవి

దసరా వెళ్ళి దీపావళి దగ్గరపడేసరికి ఇళ్ళల్లో పాత చీరల మూటలు విప్పడం మొదలవుతుంది. ఆదిలాబాద్ వైపు, అరకు, లంబసింగి వైపు అయితే ఇంకా ముందే విప్పుకోవాలి, అక్కడ చలి అంత తొందరగా దిగుతుంది. ఒకప్పుడు బొంత అంటే చేత్తో కుట్టేదే. ఇప్పుడు చాలామంది మిషన్ మీదే కుట్టేస్తున్నారు, అందులో తప్పేం లేదు, సరిగ్గా కుడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. కాకపోతే ఏడాదంతా జాకెట్లూ ఫాల్సూ కుట్టిన మిషన్‌ని ఉన్నపళంగా అయిదారు పొరల చీరల మీద పెడితే జానెడు కుట్టేలోపే దారం పుటుక్కుమంటుంది. మళ్ళీ ఎక్కిస్తారు, మళ్ళీ తెగుతుంది, మూడోసారికి విసుగొచ్చి చెయ్యి నేరుగా దారం బిగువు మార్చే టెన్షన్ స్క్రూ మీదకి పోతుంది. దయచేసి దాన్ని మాత్రం ముట్టుకోకండి. దారం తెగితే ముందు అనుమానించాల్సింది సూదిని, దారాన్ని, ఎక్కించిన తీరుని, లోపల పేరుకున్న మురికిని. టెన్షన్ సంగతి అన్నిటికంటే చివర. ముందే స్క్రూ తిప్పేస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది, దానికి ఇంకో లోపం తోడవుతుంది, ఆ తర్వాత ఏది దేనివల్ల తెగుతోందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అన్నిటికంటే ముందు సూది మార్చండి. "ఉన్నది బాగానే ఉందిగా" అనకండి, మొన మొద్దుబారిందో లేదో కంటికి కనిపించదు. మామూలు లెక్క ఏంటంటే ఎనిమిది గంటల కుట్టుకి ఒక సూది, బొంత లాంటి దళసరి పనికి అంతకంటే ముందే మార్చినా నష్టం లేదు. జాకెట్లకి 11 గానీ 14 గానీ వాడుతుంటారు కదా, అయిదారు కాటన్ చీరల పొరలకి 16 పెట్టండి, అడుగున దుప్పటి లాంటిది కూడా వేస్తే 18. ప్యాకెట్ మీద 100/16 అని రెండు అంకెలుంటాయి, మొదటిది సూది మందం, 100 అంటే ఒక మిల్లీమీటరు. లావు సూది ఎందుకంటే, అది గుడ్డలో చేసే రంధ్రం దారం రాసుకోకుండా దూరేంత ఉండాలి. మనకి తెలియదు గానీ, ఒక దారం ముక్క కుట్టులో స్థిరపడేలోపు సూది కంట్లోంచి పదుల సార్లు ముందుకీ వెనక్కీ వెళ్ళొస్తుంది. రంధ్రం ఇరుకైనా, సూది కన్ను చిన్నదైనా, వెళ్ళొచ్చిన ప్రతిసారీ కాస్త కాస్త గీసుకుపోయి చివరికి తెగుతుంది. అలాగని రెండు పల్చటి గుడ్డల మధ్య దూది షీటు పెట్టి కుట్టేవాళ్ళు 18 పెట్టకండి, గుడ్డ నిండా చిల్లులు కనిపిస్తాయి, వాళ్ళకి 14 చాలు.

సూదికీ దారానికీ పొత్తు కుదిరిందో లేదో చూడటానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మిషన్‌కి పెట్టకముందే సూదికి మూరెడు దారం ఎక్కించి, దారాన్ని రెండు చేతులతో బిగువుగా ఏటవాలుగా పట్టుకోండి. సూది దానంతట అదే కిందకి జారిపోవాలి. మధ్యలో ఆగి ఆగి జారుతుంటే ఆ దారానికి ఆ సూది చిన్నది, ఒక నంబరు పెంచండి.

పెట్టేటప్పుడు ఇంకో సంగతి. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. దారం ఏ వైపు నుంచి సూదిలోకి వెళ్తుందో ఆ వైపుకి ఆ గాడి ఉండాలి, దారం కిందకి దిగేటప్పుడు అందులోనే దాక్కుంటుంది. ఇప్పటి జిగ్‌జాగ్ మిషన్లలో గాడి మన వైపుకి, చదును భాగం వెనక్కి. పాత నల్ల మిషన్లలో దారం పక్క నుంచి ఎక్కుతుంది కాబట్టి గాడి కూడా పక్కకే ఉంటుంది. సూదిని పైదాకా తోసి, ఇంక పోదు అన్నాకే స్క్రూ బిగించండి, నూలుపోగంత కిందకి ఉన్నా ప్లేటు కింద తిరుగుతూ పైదారాన్ని పట్టుకునే షటిల్ దాన్ని సరిగ్గా అందుకోలేదు.

ఇక దారం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, ఎందుకంటే బొంత ఇంట్లో వాడుకునేదే కదా అని డబ్బాలో మిగిలిపోయిన పాత రీళ్ళన్నీ బయటికి తీస్తారు. ఏళ్ళ తరబడి ఉండిపోయిన కాటన్ దారం ఎండిపోయి పెళుసుబారుతుంది. బారెడు దారం తీసి రెండు చేతులతో ఒక్కసారి లాగి చూడండి. ఏ కష్టమూ లేకుండా టప్పున తెగిందంటే అది కాజాలకి కూడా పనికిరాదు. మంచి పాలిస్టర్ దారమైతే చేతికి కోసుకుంటుంది తప్ప తొందరగా తెగదు, బొంతకి అదే మేలు. రీలు మీద రాసిన నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని గుర్తుపెట్టుకోండి. పైన ఒక రకం, కింది దారం చుట్టే బాబిన్‌లో ఇంకో రకం వాడొచ్చు, కానీ బాగా లావుదీ బాగా సన్నదీ కలపకండి. ఎంబ్రాయిడరీ రేయాన్ దారం మెరుస్తుంది గానీ బలం తక్కువ, బొంత ఉతుకులకి ఆగదు. జరీ దారంతో అంచు కుట్టాలని ఉంటే పెద్ద కన్నున్న సూది పెట్టి, చాలా నెమ్మదిగా తొక్కండి, దానికి వేరే మార్గం లేదు.

పెద్ద కోన్ దారం కొన్నవాళ్ళు దాన్ని మిషన్ పైనున్న చిన్న పుల్లకి తగిలించకండి. కోన్ దారం పై కొస నుంచి రావాలి, కోన్ తిరగకూడదు. పుల్ల మీద అది ఊగుతూ తిరుగుతూ ఉంటే ఒకసారి వదులుగా ఒకసారి గుంజినట్టుగా దారం వస్తుంది, ఆ గుంజినప్పుడే తెగుతుంది. మిషన్ వెనక కింద ఒక గ్లాసులోనో చెంబులోనో కోన్ నిలబెట్టి, దాని నడినెత్తికి సూటిగా పైన ఒక కొక్కెం ఉండేలా చూసుకుని అందులోంచి మిషన్‌కి తెచ్చుకోండి. చిన్న రీళ్ళలో కూడా దారం చివర చిక్కించుకునే గాటు ఉంటుంది చూడండి, దాన్ని కిందకి పెట్టండి, పైకి ఉంటే తిరిగిన ప్రతిసారీ దారం దానికే తగులుకుంటుంది.

దారం ఎక్కించేటప్పుడు మిషన్ పాదం, అంటే గుడ్డని నొక్కిపట్టేది, పైకి లేపి ఉండాలి. టెన్షన్ దగ్గర రెండు గుండ్రటి బిళ్ళలుంటాయి, పాదం లేపితేనే అవి విచ్చుకుని దారం మధ్యకి వెళ్తుంది. పాదం దించి ఎక్కిస్తే దారం బిళ్ళల అంచు మీదే కూర్చుంటుంది, పైకి చూస్తే అంతా సరిగ్గా ఎక్కించినట్టే ఉంటుంది. బొంతని తిరగేస్తే మాత్రం కింద దారం గూడు కట్టి ఉంటుంది. చాలామంది ఆ గూడు చూసి బాబిన్‌ని తిడతారు, బాబిన్ కేసు స్క్రూ తిప్పుతారు. అడుగున గూడు కట్టిందంటే చాలాసార్లు తప్పు పైదారంలోనే ఉంటుంది. మొత్తం తీసేసి పాదం లేపి మొదటి నుంచీ ఎక్కించండి, పైకీ కిందకీ ఆడే లీవర్ కంట్లోంచి దారం జారిపోయిందేమో కూడా చూడండి.

శుభ్రం చేయడం అందరికీ తెలిసిందే, అయినా ఎవరూ చేయరు. పాత కాటన్ చీరలు కుడుతుంటే నూగు రాలుతూనే ఉంటుంది, దూది షీటు పెడితే ఇంకా ఎక్కువ. ప్లగ్ తీసేసి, సూది ప్లేటు విప్పి, గుడ్డని లాక్కునే పళ్ళ మధ్య ఇరుక్కున్నది బ్రష్‌తో తీయండి. బాబిన్ ముందు నుంచి పెట్టే మిషన్లలో చాలావాటికి షటిల్ చుట్టూ రెండు క్లిప్పులుంటాయి, అవి పక్కకి తిప్పితే రింగు, దాని వెనక షటిల్ ఊడి వస్తాయి. ఆ గాడిలో నూగు నూనెతో కలిసి నల్లగా అట్టకట్టి ఉంటుంది, ఒక్కోసారి ఎప్పటిదో తెగిన దారం ముక్క కూడా అందులోనే ఉంటుంది. అంత చిన్న ముక్క చాలు, రోజంతా దారం తెగుతూనే ఉండటానికి. తుడిచాక అక్కడ ఒక్క చుక్క మిషన్ నూనె వేసి, పాత గుడ్డ ముక్క మీద కాసేపు కుట్టండి, లేకపోతే బొంత మీద మరకలు పడతాయి. కొబ్బరి నూనె మాత్రం వద్దు, చలికి గడ్డకడుతుంది. టెన్షన్ బిళ్ళల మధ్య నూగు తీయడానికి పాదం లేపి ఒక లావు దారం అటూ ఇటూ లాగితే సరిపోతుంది.

ఇంత చేసినా తెగుతుంటే తెగిన కొసని వెలుతురులో పెట్టి చూడండి, సగం సంగతి అదే చెప్పేస్తుంది. కొస పీచు పీచుగా విడిపోయి, సూదికి పైన రెండంగుళాల మేర దారం నూగు తేలి ఉంటే ఎక్కడో గీసుకుంటోందని అర్థం, సూదో, ప్లేటు రంధ్రమో, పాత దారమో. ఎప్పుడైనా సూది విరిగి ప్లేటుకి కొట్టుకుని ఉంటే రంధ్రం అంచున సన్నటి గరుకు లేస్తుంది, చెవిలో పెట్టుకునే దూది పుల్లని అక్కడ తిప్పి చూడండి, దూది పోగు పట్టుకుందంటే గరుకు ఉన్నట్టే. బాగా సన్నటి ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దితే పోతుంది, మరీ లోతుగా ఉంటే ప్లేటు మార్చుకోవడమే. కొస కత్తిరించినట్టు నున్నగా ఉంటే దారం ఎక్కడో చిక్కుకుని ఆగిపోయింది, రీలు దగ్గర నుంచి చూసుకుంటూ రండి. కొస సాగి ఉంగరాలు తిరిగితే అప్పుడు టెన్షన్ ఎక్కువైందని అనుమానించొచ్చు. పవర్ మిషన్ మీద వేగంగా దళసరి సింథటిక్ చీరలు కుట్టేవాళ్ళకి కొస దగ్గర చిన్న గట్టి పూస తగులుతుంది. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల వేడికి కరుగుతుంది, సూది రాపిడికి అంత వేడెక్కిందన్నమాట, వేగం తగ్గించండి.

చీరల్ని కూడా ఒకసారి తడిమి చూడండి. జరీ అంచులు కత్తిరించి పక్కన పెట్టేయండి, మడతలో ఆ అంచు నాలుగు పొరలుగా వస్తే ఏ సూదీ నిలవదు. ఫాల్ ఊడదీయండి, కొంగులో మర్చిపోయిన పిన్నీసులు వెతకండి. గంజి పెట్టినవైతే ఉతికి గంజి వదిలించి బాగా ఎండబెట్టాకే పరవండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు పొరలు కదలకుండా జిగురు స్ప్రే వాడుతున్నారు, అది సూదికి అంటుకుని దారాన్ని పట్టుకుంటుంది, కాసేపటికోసారి స్పిరిట్ అద్దిన గుడ్డతో సూది తుడుచుకోండి.

బొంత బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. సగం బొంత బల్ల అంచు నుంచి కిందకి వేలాడుతుంటే ఆ బరువంతా సూదిని పక్కకి లాగుతుంది, సూది వంగుతుంది, వంగిన సూది ప్లేటు అంచుకి రాసుకుంటుంది, దారం తెగుతుంది. ఎడమ పక్కన ఒక కుర్చీ, వెనక ఒక స్టూలు వేసి బొంతని వాటి మీదకి ఎత్తుకోండి, మిగతాది చుట్టి ఒళ్ళో పెట్టుకోండి. కుట్టు కాస్త పెద్దదిగా, మూడు మిల్లీమీటర్లకి పెట్టండి. ముఖ్యంగా వెనక నుంచి బొంతని గుంజకండి, పళ్ళు లాక్కున్నంతే పోనివ్వండి. పళ్ళు దించి చేత్తో తిప్పుతూ పూలూ తీగలూ కుట్టేవాళ్ళయితే, చెయ్యి వేగంగా జరుపుతూ మిషన్ నెమ్మదిగా తొక్కితే సూది గుడ్డలో ఉండగానే గుడ్డ కదిలిపోతుంది. మిషన్ వేగం కాస్త పెంచి చెయ్యి నిదానించాలి. ఇంకొకటి, చక్రం ఎప్పుడూ మీ వైపుకే తిప్పండి, వెనక్కి తిప్పితే లోపల దారం చిక్కుపడుతుంది.

ఇవన్నీ అయ్యాకే టెన్షన్. ఇప్పుడు ఎక్కడుందో స్క్రూ మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. అసలు బొంతలో ఎన్ని పొరలున్నాయో అన్నే పొరలతో ఒక ముక్క చేసుకుని, పైన ఒక రంగు, కింద ఇంకో రంగు దారం వేసి కుట్టి చూడండి. కింది రంగు పైకి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే పైన బిగువు ఎక్కువ, పావు చుట్టు వదులు చేసి మళ్ళీ కుట్టండి. దళసరి పనికి మామూలుగా కొంచెం వదులే కావాలి. బాబిన్ కేసుని దాని దారంతో పట్టుకుని చిన్నగా కుదిపితే కాస్త జారి ఆగాలి, సర్రున జారిపోతే మరీ వదులు, అసలు కదలకపోతే మరీ బిగువు. అది సరిగ్గా ఉంటే ఆ చిన్న స్క్రూ జోలికి పోకండి.

అప్పటికీ తెగుతోందంటే షటిల్ మొన దెబ్బతిని ఉండొచ్చు, లేదా సూదీ షటిల్ కలిసే సమయం తప్పి ఉండొచ్చు. అది మెకానిక్ చూడాల్సిన పని, సంక్రాంతి బట్టల హడావుడి మొదలైతే అతను దొరకడు, ఇప్పుడే తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు మీ పొరల ముక్క, మీరు వాడే దారం, సూది కూడా పట్టుకెళ్ళి వాటి మీదే కుట్టి చూపించమనండి. లేకపోతే ఒక పల్చటి గుడ్డ మీద రెండు వరసలు కుట్టి "బాగానే ఉందమ్మా" అని ఇచ్చేస్తాడు.