ఆసుపత్రి ల్యాబ్ పోస్టింగుకు వెళ్లే ఎంఎల్‌టీ విద్యార్థులకు జాగ్రత్తలు

మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదివే విద్యార్థి కళాశాలలో ప్రాక్టికల్స్ ఎంత బాగా చేసినా, పోస్టింగు మొదటి రోజు తెల్లవారుజామున ట్రే పట్టుకుని వార్డులోకి అడుగుపెట్టగానే చేతులు వణకడం సహజమే. ఆ వణుకు గురించి నాకు పెద్దగా దిగులు లేదు. రెండు వారాల్లో అదే పోతుంది. చేయి కుదిరి, వేగం పుంజుకుని, గంటలో ఎన్ని శాంపిళ్లు తీశామో లెక్కపెట్టుకునే దశ వచ్చినప్పుడు అసలు ప్రమాదం మొదలవుతుందని ఇన్నేళ్లుగా పోస్టింగు పిల్లలను చూస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను. విద్యార్థి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా సూది, రోగి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా పేరులో పొరపాటు. కాబట్టి ఈ రెండింటి గురించి కాస్త వివరంగా, మిగిలినవాటి గురించి క్లుప్తంగా రాస్తున్నాను.

పోస్టింగుకు ముందు మొట్టమొదట చూసుకోవలసింది హెపటైటిస్ బి టీకా. మొదటి డోసు వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది వేయాలి కనుక, పోస్టింగు వారంలో పరుగెత్తి వేయించుకుంటే ఆ రక్షణ వేళకు అందదు. కోర్సులో చేరిన మొదటి సంవత్సరంలోనే మొదలుపెట్టాలి. మూడో డోసు తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్ (టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత ఏర్పడిందో చెప్పే పరీక్ష) చేయించుకుని, అది మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ ఉందని చూసుకుని, ఆ కాగితం భద్రంగా దాచుకోవాలి. చాలామంది విద్యార్థులు హెచ్‌ఐవీకి భయపడతారు గాని హెపటైటిస్ బిని పట్టించుకోరు. హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం సుమారు వెయ్యికి మూడు కాగా, టీకా లేని వ్యక్తికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి ముప్పై వరకు ఉండవచ్చు. పైగా ఆ వైరస్ బల్ల మీద ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. విదేశీ టీకా ధర సామాన్యుడికి అందని రోజుల్లో, 1997లో, మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి పేరుతో ఈ టీకాను దేశీయంగా తయారుచేసి అందుబాటులోకి తెచ్చింది. ఇంత దగ్గరలో దొరికే రక్షణను నిర్లక్ష్యం చేసి ల్యాబ్‌లోకి వచ్చే విద్యార్థిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక సూది సంగతి. రక్తం తీసేటప్పుడు గుచ్చుకోవడం తక్కువ. తీసిన తరువాత, దూది అదిమి పట్టుకున్న రోగితో మాట్లాడుతూ, ఎడమ చేతిలో మూత, కుడి చేతిలో సిరంజి పట్టుకుని రెండింటినీ కలపబోయే ఆ ఒక్క క్షణంలో గుచ్చుకోవడం ఎక్కువ. అందుచేత వాడిన సూదికి తిరిగి మూత పెట్టకూడదు, వంచకూడదు, చేత్తో విరవకూడదు. నీడిల్ కట్టరు, సూదుల డబ్బా చేయి చాచితే అందేంత దగ్గరలో పెట్టుకున్న తరువాతే టోర్నికే (రక్తం తీసే ముందు చేతికి బిగించే పట్టీ) కట్టాలి. తప్పనిసరిగా మూత పెట్టవలసి వస్తే మూతను ట్రేలో పడుకోబెట్టి, ఒంటి చేత్తో సూదిని దానిలోకి పోనివ్వాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి, సూది తీసిన సిరంజీలు, గ్లౌజులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్లాలి. గాజు వస్తువులకు నీలం పెట్టె ఉంటుంది. సూది పొరపాటున ఎర్ర సంచిలో పడితే, దాన్ని ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి అది గుచ్చుకుంటుంది. ఆమెకు టీకా వేయించారో లేదో అడిగేవారు కూడా సాధారణంగా ఉండరు.

ఇంత జాగ్రత్త పడినా గుచ్చుకుంటే, వేలు నోట్లో పెట్టుకోవడం, పిండడం, హైపోక్లోరైటు (క్రిములను చంపే బ్లీచు ద్రావణం) పోయడం చేయకుండా, పారే నీటి కింద సబ్బుతో కడిగి, ఆ క్షణమే ఇన్‌ఛార్జికి చెప్పాలి. ఏ రోగి సూదో గుర్తుంచుకోవాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లోపు మొదలుకావాలి, 72 గంటలు దాటితే వాటివల్ల ప్రయోజనం ఉండదు. మొదలుపెట్టాక 28 రోజులు మానకుండా వాడాలి. తిడతారనే భయంతో రెండు రోజులు దాచిపెట్టి మూడో రోజు ఏడుస్తూ వచ్చిన ఒక అమ్మాయి ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆ మందులు ఎక్కడ దొరుకుతాయో, రాత్రి డ్యూటీలో ఎవరికి ఫోన్ చేయాలో పోస్టింగు మొదటి రోజే అడిగి రాసిపెట్టుకోండి.

పేరు దగ్గర జరిగే పొరపాటు ఇంతకన్నా నిశ్శబ్దంగా జరుగుతుంది. మన వార్డుల్లో ఒకే వరుసలో ఇద్దరు లక్ష్మిలు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం వింతేమీ కాదు. మంచం దగ్గరికి వెళ్లి “లక్ష్మిగారేనా?” అని అడిగితే, జ్వరంతో మగతగా ఉన్న మనిషి, చెవి సరిగా వినపడని పెద్దావిడ “ఆఁ” అనే అంటారు. “మీ పేరు, ఇంటిపేరు చెప్పండమ్మా” అని వారి నోటితోనే చెప్పించుకుని, చేతి పట్టీ మీదా స్లిప్పు మీదా ఉన్న ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో సరిచూడాలి. పడుకోబెట్టిన పసిపిల్లలయితే తల్లిని అడగాలి. లేబులు రక్తం తీసిన తరువాత, ఆ మంచం దగ్గరే, రోగి చూస్తుండగానే అంటించాలి. ముందుగానే పది ట్యూబులకు లేబుళ్లు అంటించుకుని బయలుదేరడం ఎంత సౌకర్యంగా అనిపించినా ఆ అలవాటు మొదటి రోజు నుంచే దగ్గరికి రానీయకండి. షుగరు పరీక్షలో పేరు మారితే మళ్లీ తీయవచ్చునేమో గాని, రక్తనిధికి వెళ్లే గ్రూపింగు శాంపిల్‌లో పేరు మారితే ఒకరికి ఎక్కవలసిన రక్తం మరొకరికి ఎక్కి ప్రాణం పోవచ్చు. కాబట్టి ఆ శాంపిల్ విషయంలో ఏమాత్రం అనుమానం ఉన్నా సర్దుబాటు చేయకుండా పారేసి, మళ్లీ తీయాలి.

ట్యూబుల వరుస కూడా ఈ కోవలోదే. బ్లడ్ కల్చర్ సీసా ముందు, ఆపైన లేత నీలం మూత, ఎర్ర మూత, ఆకుపచ్చ, ఊదా, చివరగా బూడిద రంగు. ఈ వరుస ఎందుకో తెలిపే ఒక సంఘటన చెబుతాను. ఒకసారి పొటాషియం 9 దాటి, కాల్షియం 5కు దిగిన, అంటే ప్రాణాపాయ స్థితిని చూపే రిపోర్టు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. ఆ మనిషి వార్డులో లేచి కూర్చుని కాఫీ తాగుతున్నాడని సిస్టర్ ఫోన్‌లో చెప్పింది. విచారిస్తే, ఎర్ర మూత ట్యూబులో రక్తం చాలలేదని ఒక విద్యార్థి ఊదా మూత ట్యూబులోంచి కొంచెం వంచి పోశాడని తేలింది. ఊదా మూత ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టకుండా ఆపే పొటాషియం ఈడీటీఏ. అది పొటాషియంను పెంచుతుంది, కాల్షియంను పట్టేస్తుంది. వరుస తప్పితే ఒక ట్యూబులోని రసాయనం సూదితోపాటు తరువాతి ట్యూబులోకి చేరి ఇలాగే అంకెలను మార్చేస్తుంది. రక్తం చాలకపోతే చాలలేదని చెప్పడంలో తప్పు లేదు. అలాగే నీలం మూత ట్యూబు గీత వరకు నిండాలి, టోర్నికే ఒక నిమిషం మించి ఉంచకూడదు, సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు.

ల్యాబ్ లోపలి జాగ్రత్తలు మీకు చాలావరకు తెలిసినవే. కాళ్లు పూర్తిగా కప్పే చెప్పులు వేసుకోవాలి, చున్నీ, జడ ఏప్రన్ లోపల ఉండాలి, గ్లౌజు చేతితో ఫోన్ ముట్టుకోకూడదు, శాంపిళ్ల ఫ్రిజ్‌లో టిఫిన్ బాక్సు పెట్టకూడదు. నోటితో పిపెట్ పీల్చడం ఎంత పెద్దవారు చేసి చూపించినా నేర్చుకోకూడదు. సెంట్రిఫ్యూజు పూర్తిగా ఆగకముందే మూత తెరవకూడదు. లోపల ట్యూబు పగిలిందని అనుమానం వస్తే అరగంట మూసి ఉంచాలి. రక్తం ఒలికితే దాని మీద కాగితమో దూదో కప్పి, అదే రోజు కలిపిన ఒక శాతం హైపోక్లోరైటు పోసి, కనీసం పది నిమిషాలు ఆగి తుడవాలి. ఆమ్లం ఒలికిన చోట మాత్రం హైపోక్లోరైటు పోయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. ఫాస్ఫరస్ అంచనాకు రికార్డులో మీరు రాసే ఫిస్కే-సుబ్బారో పద్ధతి, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరుతో 1925 నుంచి ప్రపంచమంతా ఎరిగినది. దాని రీయేజెంటు కలిపేటప్పుడు గంధకామ్లాన్ని నీటిలోకి కొద్దికొద్దిగా పోయాలే తప్ప నీటిని ఆమ్లంలోకి పోయకూడదు. క్షయ అనుమానిత రోగి చేత కళ్లె గదిలో పట్టించకుండా ఆరుబయట పట్టించి, మీరు ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

రిపోర్టు గురించి బయట మాట్లాడటం మరొక ప్రమాదం. హెచ్‌ఐవీ రిపోర్టును ఫోటో తీసి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టానికి విరుద్ధమని చాలామంది విద్యార్థులకు తెలియదు. ఊరు చిన్నదైనప్పుడు పేరు కొట్టేసినా వయసు, వార్డు చూసి మనిషిని పోల్చుకుంటారు.

మీ పోస్టింగు ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పడితే ఇంకొంచెం సిద్ధంగా ఉండాలి. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది ఈ వానల కాలంలోనే. ఈ నెలల్లో జ్వరం శాంపిళ్లు మామూలు రోజులకు రెట్టింపవుతాయి, ప్లేట్‌లెట్లు ఎన్ని అని కారిడారులో బంధువులు నిలదీస్తుంటారు. ఆ ఒత్తిడిలో యంత్రం 18 వేలు వంటి బాగా తక్కువ అంకె చూపితే దాన్ని యథాతథంగా రాసి పంపవద్దు. ముందు ట్యూబులో గడ్డ ఉందేమో పుల్లతో కదిపి చూడాలి, తరువాత స్మియర్ (గాజు పలక మీద రక్తపు పూత) వేసి ప్లేట్‌లెట్లు గుంపులు కట్టాయేమో చూడాలి. కొందరి రక్తం ఈడీటీఏలో మాత్రమే గుంపు కడుతుంది. అప్పుడు నీలం మూత ట్యూబులో మళ్లీ తీసి, అందులోని సిట్రేటు ద్రవం రక్తాన్ని కొంత పలచన చేస్తుంది కనుక, వచ్చిన అంకెను 1.1తో హెచ్చించాలి. జ్వరం వచ్చి ఎన్ని రోజులైందో స్లిప్పు మీద లేకపోతే అడిగి రాయించుకోవాలి, ఎందుకంటే డెంగీ వైరస్ ప్రోటీను ఎన్ఎస్1 మొదటి ఐదు రోజుల్లో బాగా దొరుకుతుంది, ఆ తరువాత ఐజీఎం యాంటీబాడీ చూడవలసి వస్తుంది. అంకె నిజంగానే అంత తక్కువని తేలితే, ప్రింటు కోసం ఎదురుచూడకుండా ఇన్‌ఛార్జికి చూపించి, వార్డుకు ఫోన్ చేసి, అవతలివారి చేత రోగి పేరు, ఐపీ నంబరు, అంకె తిరిగి చెప్పించుకుని, ఎవరితో ఏ సమయానికి మాట్లాడారో రిజిస్టరులో రాసి సంతకం చేయాలి.