కేక్‌లో గుడ్డు మానేస్తే దాని పని ఎవరికి అప్పగించాలి?

గుడ్డుకి బదులు ఏం వేయమంటారు అని అడుగుతుంటారు. ముందు ఏ కేక్ చేస్తున్నారో, అందులో ఎన్ని గుడ్లు రాసుందో చెప్పండి, అప్పుడు తేల్చుకుందాం. ఎందుకంటే గుడ్డు అన్ని కేకుల్లోనూ ఒకటే పని చేయదు. పిండి విడిపోకుండా పట్టి ఉంచుతుంది, గిలక్కొడితే గాలిని బిగించి పట్టుకుని కేక్‌ని పొంగిస్తుంది, తడినిస్తుంది, పచ్చసొనలో ఉండే లెసిథిన్ వల్ల వెన్నా పాలూ వేరుపడకుండా కలిసిపోతాయి, ఇక రంగూ రుచీ సరేసరి. ఇన్ని పనులు ఒంటిచేత్తో చేసే వస్తువు వంటింట్లో ఇంకొకటి లేదు. అందుకని మీ కేక్‌లో గుడ్డు ముఖ్యంగా ఏ పని చేస్తోందో చూసి, ఆ పని చేయగలిగినదాన్నే వేయాలి.

దీనికి తేలికైన దారి రెసిపీలో గుడ్లు లెక్కపెట్టడం. ఒకటో రెండో ఉంటే ధైర్యంగా మార్చేయండి. మూడు ఉంటే కాస్త ఆలోచించాలి, ఒకే పదార్థంతో నెట్టుకురావడం కష్టం. నాలుగు దాటినా, తెల్లసొన విడిగా నురగ కొట్టి కలపమని రాసున్నా ఆ రెసిపీని వదిలేయండి. ముఖ్యంగా ఏంజెల్ ఫుడ్ కేక్ లాంటివి నిలబడేదే తెల్లసొన నురగ మీద, అది తీసేశాక మిగిలేది తీపి పిండి. మొదటినుంచీ గుడ్డు లేకుండానే రాసిన రెసిపీ వెతుక్కుంటే సరుకులు వృథా కావు.

కొలత సంగతి. పెద్ద గుడ్డు పెంకు తీసేస్తే దాదాపు 50 గ్రాములు ఉంటుంది, అందులో ముప్పావు వంతు నీళ్లే. మనం వేసేది కూడా దానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే బ్యాటర్ గట్టిపడడమో మరీ జారైపోవడమో జరుగుతుంది.

నా మొదటి ఓటు పెరుగుకే. ఒక్కో గుడ్డుకి పావు కప్పు, అంటే 60 మి.లీ. గట్టి పెరుగు. నీళ్లు తేలి ఉంటే వంచేయండి. పెరుగులోని పులుపు వంటసోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది, కేక్‌ని పైకి లేపేది అదే. ఓసారి గిన్నెలో పెరుగు వేసి, సోడా కలిపి, కదపకుండా రెండు నిమిషాలు చూడండి: పైన చిన్న చిన్న బుడగలు లేస్తాయి, పెరుగు మెల్లగా ఉబ్బుతుంది, చెంచాతో తీస్తే స్పాంజిలా తేలిగ్గా వస్తుంది. అలా ఉబ్బాక ఆలస్యం చేయకుండా మిగతావి కలిపి ఓవెన్‌లో పెట్టేయాలి, ఆ గాలి మన కోసం ఎదురుచూడదు. కప్పు పెరుగుకి అర టీస్పూన్ సోడా చాలు. ఎక్కువైతే కేక్ సబ్బు వాసన వస్తుంది, రంగు కూడా ముదురుతుంది. ఇంకోటి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగు వాడకండి, కరిగించిన వెన్న దాన్ని తాకగానే గడ్డలు కట్టేస్తుంది. వెనీలా కేక్‌కి, నిమ్మ వాసన ఉన్న కేక్‌కి పెరుగుని మించింది లేదు.

చాక్లెట్ కేక్, క్యారెట్ కేక్, గోధుమపిండి మఫిన్లు అయితే అవిసె గింజలు బాగా కుదురుతాయి. టేబుల్‌స్పూన్ అవిసె పొడిలో మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. చెంచా పైకెత్తితే జిగురుగా తీగలా సాగాలి, అచ్చం గిలక్కొట్టిన గుడ్డులాగే. అలా సాగలేదంటే పొడి మెత్తగా లేదని అర్థం, ఇంకోసారి మిక్సీ పట్టండి. దీనికి పట్టి ఉంచే గుణం బాగుంది కానీ పొంగించే శక్తి లేదు, కాబట్టి రెసిపీలో బేకింగ్ పౌడర్ తప్పకుండా ఉండాలి. తెల్లటి వెనీలా కేక్‌లో మాత్రం వద్దు, గోధుమరంగు చుక్కలు కనబడతాయి, గింజల వాసన కూడా తెలుస్తుంది. పొడి చేసి ఎక్కువ రోజులు బయట ఉంచితే పాత నూనె వాసన పడుతుంది, అప్పటికప్పుడు కొట్టుకోవడం మేలు. చియా గింజలకీ ఇదే కొలత.

అరటిపండు గుజ్జు గుడ్డుకి పావు కప్పు అంటారు. నిజమే, కానీ ఒక గుడ్డు వరకే. మూడు గుడ్ల కేక్‌లో మూడింటికీ అరటిపండే వేసి చూశాను, పైన బాగానే ఉంది కానీ కోస్తే అడుగున వేలెడు మందాన జిగట పొర, లోపల ఉడకనట్టే ఉంది. పైగా ఏ ఎసెన్స్ వేసినా చివరికి అరటిపండు వాసనే గెలుస్తుంది. ఆపిల్ గుజ్జు వాసన అంతగా తెలియదు, కానీ అదీ బరువే. ఏ పండు గుజ్జు వేసినా అర టీస్పూన్ బేకింగ్ పౌడర్ అదనంగా వేయండి.

వెనిగర్, సోడా జత గురించి ఒక పొరపాటు బాగా చలామణీలో ఉంది. టేబుల్‌స్పూన్ వెనిగర్, టీస్పూన్ సోడా అన్నది ఒకటిన్నర కప్పు మైదాతో చేసే చాక్లెట్ కేక్ మొత్తానికి సరిపోయే కొలత. గుడ్డుకింత అని రెట్టిస్తూ పోతే నోట్లో పెట్టుకోలేం. సోడాని పొడి పిండిలో, వెనిగర్‌ని పాలు, నూనెలతో కలిపి, చివర్లో రెండూ ఒక్కటి చేయండి. ఇది పొంగిస్తుంది తప్ప పట్టి ఉంచదు. వెనిగర్ వాసన బేకింగ్‌లో పోతుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది శనగలు ఉడికించిన నీళ్లు. 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన ఆ నీళ్లు గిలక్కొడితే తెల్లసొనలా నురగ కడతాయని గమనించారు, మరుసటి ఏడాది దానికి ఆక్వాఫాబా అన్న పేరు వచ్చింది. ఉప్పు వేయకుండా ఉడికించి, ఆ నీళ్లని తెల్లసొనంత చిక్కబడేదాకా మరిగించి, బాగా చల్లార్చాలి. గుడ్డుకి మూడు టేబుల్‌స్పూన్లు. గిన్నెకి నూనె జిడ్డు ఏమాత్రం ఉన్నా నురగ సరిగా రాదు. అయితే గుడ్డులోని ప్రోటీన్ వేడికి గట్టిపడి నురగని నిలబెట్టినట్టు ఇది నిలబెట్టలేదు, అందుకే కేక్‌లో దీనికి తోడు బేకింగ్ పౌడర్ ఉండాల్సిందే.

కండెన్స్‌డ్ మిల్క్ వాడితే పంచదార తగ్గించండి, అంతే.

అలర్జీ ఉన్నవాళ్ల కోసం చేస్తుంటే ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. గుడ్డుకి ప్రత్యామ్నాయం అని రాసి అమ్మే ద్రవాల్లో కొన్ని తెల్లసొనతోనే తయారవుతాయి! పిండిపదార్థాలతో చేసే పొడులు వేరు, ఇవి వేరు. ప్యాకెట్ వెనక రాసిన పదార్థాల జాబితా మొత్తం చదివాకే కొనండి, పైన పేరు చూసి నమ్మకండి.

ఇక చేసేటప్పుడు. గుడ్డు లేని బ్యాటర్‌ని పిండి కనబడకుండా పోయేదాకా కలిపి ఆపేయాలి, ఇంకా కలిపితే గ్లూటెన్ (పిండిలో సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్) బిగుసుకుని కేక్ సాగుతుంది. రంగు కాస్త తక్కువ వస్తుంది, పైన ఎర్రబడలేదని కాలుస్తూ కూర్చుంటే లోపల ఎండిపోతుంది, కాబట్టి టూత్‌పిక్ గుచ్చి చూడండి, రంగుని నమ్మకండి. వేడిగా ఉన్నప్పుడు అస్సలు కోయొద్దు. పట్టి ఉంచడానికి గుడ్డు లేదు కదా, చల్లారి గట్టిపడేదాకా ముక్క పొడిపొడిగా రాలిపోతుంది. పది నిమిషాలు టిన్‌లోనే ఉంచి, తర్వాత జాలీ మీదికి తీసి, పూర్తిగా చల్లారనివ్వండి. మొదటిసారి చేస్తుంటే పెద్ద టిన్ బదులు కప్‌కేక్ అచ్చుల్లో పోయండి, చిన్న కేక్ మధ్యలో కుంగిపోయే అవకాశం తక్కువ, రెండు మూడు రకాలు ఒకేసారి పోల్చి చూసుకోవచ్చు కూడా.