టోర్నీకి ముందు జట్టు చీలకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

2002 మే నెల. జపాన్, దక్షిణ కొరియాల్లో జరగబోయే ప్రపంచ కప్‌కు వెళ్తూ ఐర్లండ్ ఫుట్‌బాల్ జట్టు పసిఫిక్ మహాసముద్రంలోని సైపాన్ ద్వీపంలో శిబిరం వేసింది. ఆటగాళ్లు దిగారు గానీ శిక్షణ దుస్తులు, బంతులు ఇంకా రాలేదు. మైదానం గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంది. గోల్‌కీపర్లు ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఆడకపోవడంతో కెప్టెన్ రాయ్ కీన్‌కూ గోల్‌కీపర్ల కోచ్‌కూ మాటామాటా పెరిగింది. కీన్ ఇంటికి వెళ్లిపోతానన్నాడు, తర్వాత ఉంటానన్నాడు. శిబిరం ఏర్పాట్ల మీద తన అసంతృప్తినంతా ఐరిష్ టైమ్స్ పత్రికకు చెప్పాడు. మే 23న అది అచ్చయింది. ఆ సాయంత్రం మేనేజర్ మిక్ మెక్‌కార్తీ జట్టు మొత్తాన్ని హోటల్లో సమావేశపరచి, ఆ ఇంటర్వ్యూ గురించి అందరి ముందూ కీన్‌ను నిలదీశాడు. కీన్ విరుచుకుపడ్డాడు. ఆ సమావేశం ముగిసేసరికి ఐర్లండ్‌కు కెప్టెన్ లేడు. మొదటి మ్యాచ్‌కు ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

కీన్ ఫిర్యాదులు అబద్ధాలు కావు. సామాను రాలేదన్నది నిజం, మైదానం బాగా లేదన్నదీ నిజం. జట్టు లోపలి సంగతులను పత్రికకెక్కించిన కెప్టెన్ మీద మేనేజరుకు కోపం రావడమూ సహజమే. ఇద్దరి వైపూ న్యాయం ఉండి కూడా జట్టు చీలింది. వాళ్ల మధ్య అపనమ్మకం ఏళ్ల తరబడి పేరుకుపోయింది. 2001 నవంబరులో ఇరాన్‌లో జరిగిన అర్హత మ్యాచ్‌కు కీన్ వెళ్లకపోవడం దానికి తోడైంది. ఆ సంగతి ఆరు నెలల పాటు ఎవరి కడుపులో వారికి ఉండిపోయి, చివరికి సైపాన్ సమావేశంలో బయటపడింది.

పెద్ద టోర్నీకి వెళ్లే జట్టులో విభేదాలే లేకుండా చూడడం ఎవరి తరమూ కాదు. ఉన్నవాటిని విమానం ఎక్కకముందే తేల్చుకోవడం మాత్రం చేతనైన పనే. ఈ జాగ్రత్తలన్నీ అందుకోసమే. జాతీయ సమాఖ్యల పెద్దలకు ఇవి ఎంత అవసరమో, అంతర్‌జిల్లా పోటీలకు పిల్లలను రైల్లో తీసుకెళ్లే మేనేజర్లకూ అంతే అవసరమని నా నమ్మకం.

కెప్టెన్‌ను మార్చేటప్పుడు

మార్చదలిస్తే ముందుగా తెలియవలసింది పాత కెప్టెన్‌కు. కొత్తవాడికి చెప్పడం రెండో పని, పత్రికలకు చెప్పడం చిట్టచివరి పని. ఈ వరుస తప్పితే మార్పు ఎంత సరైనదైనా విషమవుతుంది.

చాలా ఏళ్ల కిందట నేను ఒక జిల్లా జట్టుకు మేనేజరుగా వెళ్లాను. బయలుదేరే ముందు రోజు రాత్రి ఎంపిక సంఘం వారు కెప్టెన్‌ను మార్చారు. కొత్త కెప్టెన్‌కు ఫోన్ చేసి చెప్పారు, పాత కెప్టెన్‌కు చెప్పలేదు. మర్నాడు ప్లాట్‌ఫారం మీద తోటి ఆటగాడి నోటి నుంచి ఆ కుర్రాడికి తెలిసింది. నా దగ్గరికి వచ్చి, "సార్, నేను చేసిన తప్పేమిటో చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మైదానంలో అతను ప్రాణం పెట్టి ఆడాడు. భోజనాల దగ్గర మాత్రం విడిగా కూర్చున్నాడు. అతనితో పాటు మరో నలుగురు కూర్చున్నారు. రెండో మ్యాచ్‌తోనే ఇంటిముఖం పట్టాం. ముందు రోజు రాత్రే అతని ఇంటికి వెళ్లి నేను చెప్పి ఉండవలసింది. అది మేనేజరు పని.

కోచ్‌ను పక్కన పెట్టి సమాఖ్య తనంతట తాను కెప్టెన్‌ను మార్చడం మరింత ప్రమాదం. 2012 ఫిబ్రవరి 3న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం జాన్ టెర్రీని కెప్టెన్సీ నుంచి తప్పించింది. జాతి వివక్ష వ్యాఖ్యల ఆరోపణపై కోర్టులో కేసు నడుస్తున్న ఆటగాణ్ణి కెప్టెన్‌గా ఉంచకూడదని సంఘం భావించడంలో తప్పు లేదు. ఆ నిర్ణయం తనకు సమ్మతం కాదని కోచ్ ఫాబియో కాపెల్లో ఇటలీ టీవీలో చెప్పాడు. ఫిబ్రవరి 8న రాజీనామా చేశాడు. కొత్త కోచ్‌గా రాయ్ హాడ్సన్ మే 1న గానీ ఖరారు కాలేదు. ఐరోపా దేశాల యూరో పోటీలు జూన్‌లో. మూడు నెలల పాటు జట్టుకు పూర్తికాలపు కోచ్ లేకుండా పోయాడు. కాబట్టి కోచ్‌తో ఒప్పందం కుదుర్చుకునే రోజే కెప్టెన్‌ను నియమించే హక్కు ఎవరిదో, తప్పించే హక్కు ఎవరిదో కాగితం మీద రాసుకోండి. ఉపసారథి పేరు కూడా ఆనాడే ప్రకటించండి.

కోచ్ ఒప్పందం: అన్నిటికన్నా పెద్ద గుంత

2018 ప్రపంచ కప్‌కు స్పెయిన్ వెళ్లినప్పుడు ఆ జట్టుకు తిరుగులేదనుకున్నారు. జులెన్ లొపెటెగీ శిక్షణలో ఆడిన 20 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు: 14 గెలుపులు, 6 డ్రాలు. మే నెలలోనే సమాఖ్య అతని ఒప్పందాన్ని 2020 దాకా పొడిగించింది. మే 31న రియల్ మాడ్రిడ్ కోచ్ పదవి నుంచి జినెదిన్ జిదాన్ తప్పుకున్నాడు. జూన్ 12న, ప్రపంచ కప్ కాగానే లొపెటెగీ తమ కోచ్ అవుతాడని ఆ క్లబ్బు ప్రకటించింది. ప్రకటనకు కొద్ది నిమిషాల ముందు మాత్రమే తమకు తెలిసిందని సమాఖ్య అధ్యక్షుడు లూయిస్ రూబియాలెస్ అన్నాడు. మర్నాడే లొపెటెగీని తొలగించాడు. పోర్చుగల్‌తో మొదటి మ్యాచ్ జూన్ 15న. క్రీడా డైరెక్టర్‌గా ఉన్న ఫెర్నాండో హియెర్రోకు హడావిడిగా పగ్గాలు అప్పగించారు. రెండో డివిజన్ క్లబ్బు ఒవియెడోకు ఒక్క సీజన్ మాత్రమే ప్రధాన కోచ్‌గా పనిచేసిన అనుభవం అతనిది.

పోర్చుగల్‌తో 3-3, ఇరాన్‌పై 1-0, మొరాకోతో 2-2. ప్రీక్వార్టర్స్‌లో రష్యాపై వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చుకుంటూ 120 నిమిషాలు ఆడి ఒక్క గోలుతో సరిపెట్టుకున్నారు, షూటౌట్‌లో ఓడిపోయారు. ఇంత చేసీ లొపెటెగీ రియల్ మాడ్రిడ్‌లో అక్టోబరు ఆఖరు దాకానే ఉన్నాడు.

రూబియాలెస్ తొలగించి తప్పు చేశాడనేవాళ్లు ఉన్నారు, లొపెటెగీ దాచిపెట్టి తప్పు చేశాడనేవాళ్లు ఉన్నారు. నేను రెండో పక్షమే. అయినా సమాఖ్యను వదిలిపెట్టను. ఒప్పందం పొడిగించే సమయంలోనే ఒక నిబంధన రాసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు: టోర్నీకి నెల ముందు నుంచి చివరి మ్యాచ్ ముగిసేదాకా కోచ్ మరే క్లబ్బుతోనూ సంప్రదింపులు జరపకూడదు, ఎవరైనా సంప్రదిస్తే ఆ రోజే సమాఖ్యకు తెలియజేయాలి. స్పెయిన్ జట్టులో బద్ధ ప్రత్యర్థి క్లబ్బులైన రియల్ మాడ్రిడ్, బార్సిలోనాల ఆటగాళ్లు ఒకే బల్ల దగ్గర భోజనం చేసేవారు. తమ కోచ్ రేపు ఒక పక్షానికే చెందినవాడవుతాడని తెలిశాక ఆ బల్ల దగ్గర మాట ఎలా సాగుతుందో ఊహించడం కష్టం కాదు.

వెళ్లిపోవడం ఖాయమైన కోచ్‌తో టోర్నీకి వెళ్లడమూ చిక్కే. 2010 ప్రపంచ కప్ కోసం ఫ్రాన్స్ జట్టు దక్షిణాఫ్రికాకు బయలుదేరకముందే రేమండ్ డొమెనెక్ తర్వాత లారెంట్ బ్లాంక్ కోచ్ అని అందరికీ తెలిసిపోయింది. ఇంకో నెలలో వెళ్లిపోయే మనిషి మాటకు విలువ ఎంత?

గదిలో జరిగింది గదిలోనే

ఆ ఫ్రాన్స్ జట్టులోనే, మెక్సికోతో మ్యాచ్ విరామంలో నికొలస్ అనెల్కా కోచ్‌ను దూషించాడన్న మాటలు రెండు రోజుల తర్వాత లెకిప్ పత్రిక మొదటి పేజీలో వచ్చాయి. అనెల్కాను ఇంటికి పంపారు. జూన్ 20న నైస్నాలో ఆటగాళ్లు శిక్షణ మానేసి బస్సెక్కి తెరలు దించుకున్నారు. వాళ్లు రాసిన ప్రకటనను పత్రికల వారి ముందు చదివి వినిపించింది స్వయంగా కోచ్ డొమెనెక్. జట్టు ఒక్క పాయింటుతో గ్రూపులో అట్టడుగున మిగిలింది. మాట బయటికి మోసిన ద్రోహి తమలోనే ఉన్నాడని కెప్టెన్ పాట్రిస్ ఎవ్రా వాపోయాడు. నాకు అనెల్కా మాట కన్నా, ఆ ద్రోహి కోసం వెతుకులాటే జట్టుకు ఎక్కువ చేటు చేసిందనిపిస్తుంది.

ఇక్కడ పాటించవలసినవి చెబుతాను. ఆటగాడితో పేచీ వస్తే మొదట ముగ్గురే కూర్చోండి: కోచ్, ఆటగాడు, ఇద్దరికీ నమ్మకమున్న ఒక పెద్ద. సైపాన్‌లో మెక్‌కార్తీ చేసినట్టు జట్టంతటి ముందు నిలదీయవద్దు. పాతికమంది చూస్తుండగా ఏ మనిషీ తగ్గలేడు, కెప్టెన్ అయితే అసలే తగ్గలేడు. పత్రిక చేతికి అందిన రోజే సమావేశం పెట్టవద్దు, ఒక రాత్రి గడవనివ్వండి. శిబిరంలో ఉండగా ఎవరు ఎప్పుడు పత్రికలతో మాట్లాడాలో ముందే నిర్ణయించండి. వసతుల మీద ఫిర్యాదు ఉంటే విని, జవాబు చెప్పే మనిషి శిబిరంలో ఉండాలి. కీన్‌కు అలాంటి మనిషి దొరికి ఉంటే అతను విలేకరిని ఆశ్రయించేవాడు కాడేమో.

డబ్బు సంగతి కూడా అంతే. బోనస్ ఎంత, ఎప్పుడు చేతికి అందుతుంది అన్నది శిబిరానికి ముందే సంతకాలతో ముగించండి. 2014 ప్రపంచ కప్‌లో ఘనా ఆటగాళ్లు బోనస్ కోసం పట్టుబట్టడంతో ఆ ప్రభుత్వం 30 లక్షల డాలర్లకు పైగా నగదును విమానంలో బ్రెజిల్‌కు పంపవలసి వచ్చింది. డబ్బు అందిన మర్నాడు, పోర్చుగల్‌తో మ్యాచ్ రోజున, ఇద్దరు ఆటగాళ్లను జట్టు నుంచి పంపేశారు. ఘనా ఓడి ఇంటికి వచ్చింది.

ఎవరి మాట చెల్లుతుందో అందరికీ తెలియాలి

మన హైదరాబాద్ నుంచి ఒక ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. క్యాన్సర్ అప్పటికే ఆయనను లోపల తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ఆహ్వానం దక్కకపోవడం మీద భారత అధికారి ఒకరు చేసిన వ్యాఖ్యలతో స్టేడియం మొత్తం భారత్‌కు వ్యతిరేకంగా మారింది. ఇన్ని చిక్కుల మధ్య రహీం, కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్‌ను వెనక నుంచి తీసి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరో గోలు చేశారు. అదే కొరియాపై 2-1తో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు. నిర్ణయం ఎవరిదన్న విషయంలో ఆ జట్టుకు సందేహం లేకపోవడం వల్లనే అంత సాహసం సాధ్యమైంది.

సమాఖ్యలోనే కుర్చీ తగాదా ఉంటే ఆ సందేహం పైనుంచి కిందికి కారుతుంది. 2022లో మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు గడువు దాటినా ఎన్నికలు జరగక, సుప్రీంకోర్టు పాలక కమిటీని వేయవలసి వచ్చింది. బయటివారి జోక్యం కింద దాన్ని లెక్కగట్టి ఫిఫా ఆగస్టులో భారత్‌ను సస్పెండ్ చేసింది. ఆసియా క్లబ్బు పోటీల కోసం అప్పటికే తాష్కెంట్ చేరుకున్న గోకులం కేరళ మహిళల జట్టు ఆడకుండానే తిరిగి వచ్చింది. అక్టోబరులో మన దగ్గరే జరగవలసిన 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచ కప్ చేజారేంత పని అయింది. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తివేశారు గనుక గట్టెక్కాం. పదవీకాలం టోర్నీకి ముందు ముగిసేటట్టుంటే, కనీసం ఆరు నెలల ముందే ఎన్నికలు పూర్తిచేయండి.

మార్చక తప్పనప్పుడు

కొన్నిసార్లు కోచ్‌ను మార్చడమే మేలు. జపాన్ 2018 ఏప్రిల్‌లో వహీద్ హలిల్‌హోజిచ్‌ను తొలగించి, సమాఖ్యలో సాంకేతిక డైరెక్టర్‌గా ఉన్న అకిరా నిషినోకు జట్టును అప్పగించింది. ఆ ఏటి ప్రపంచ కప్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లింది. అదే హలిల్‌హోజిచ్‌ను 2022 ఆగస్టులో మొరాకో కూడా తొలగించింది. కొత్త కోచ్ వలీద్ రెగ్రాగీ మొదట చేసిన పనుల్లో ఒకటి, పాత కోచ్‌తో పడక జాతీయ జట్టునే వదిలేసిన హకీమ్ జియెష్‌ను వెనక్కి పిలవడం. ఆ జట్టు ప్రపంచ కప్ సెమీఫైనల్ చేరింది, ఆఫ్రికా నుంచి తొలిసారి. రెండు చోట్లా కొత్త మనిషికి రెండు నెలలకు పైగా సమయం దొరికింది. స్పెయిన్‌లో హియెర్రోకు దొరికింది రెండు రోజులు.

2024లో కోట్ డివ్వార్ (ఐవరీ కోస్ట్) టోర్నీ మధ్యలో కోచ్‌ను మార్చి, సహాయకుడు ఎమెర్స్ ఫాయెతో ఆఫ్రికా కప్పే గెలిచింది కదా అని ఎవరైనా అడగవచ్చు. గెలిచింది. అయితే గ్రూపులో మూడో స్థానంతో, వేరే గ్రూపు ఫలితం కలిసివస్తే గానీ ముందుకు రాలేకపోయిన జట్టది. దాన్ని పద్ధతిగా పెట్టుకోవద్దు.

చివరిగా గడువు తేదీ. జట్టు జాబితా ఫిఫాకు చేరాక, గాయం వంటి కారణం లేకుండా ఆటగాణ్ణి మార్చడానికి వీలుండదు. ఆ తేదీకి ముందే ఉంటావా, వెళ్తావా అన్నది ప్రతి ఆటగాడితో తేల్చుకోండి. కీన్ మొదట వెళ్లిపోతానన్నప్పుడు అతని స్థానంలో మరొకరిని పిలిపించే ప్రయత్నం మొదలైంది. కీన్ మనసు మార్చుకోవడంతో ఆగిపోయింది. అతన్ని నిజంగా ఇంటికి పంపేనాటికి గడువు దాటింది. ఇతర జట్లన్నీ 23 మందితో వచ్చిన ఆ ప్రపంచ కప్‌లో ఐర్లండ్ 22 మందితోనే ఆడింది. ఆ తేదీని పెద్ద అక్షరాలతో రాసి శిబిరంలో భోజనాల గది గోడకు అంటించండి.