12,34,567 ప్రధాన సంఖ్యేనా? కాగితం మీద తేల్చడం ఎలా?

1 నుంచి 7 దాకా అంకెలు వరసగా రాస్తే 12,34,567. చూడగానే ఇది ఏ ఎక్కంలోనూ పోయేలా కనిపించదు. కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వాడినా తప్పులేదు.

ముందుగా ఎక్కడ ఆపాలో చూసుకోవాలి. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, వాటిలో చిన్నది వర్గమూలాన్ని మించదు. 1111 వర్గం 12,34,321, 1112 వర్గం 12,36,544. మనది ఈ రెంటి మధ్య ఉంది కాబట్టి 1111 దాటి వెతకక్కర్లేదు. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 186 ఉన్నాయి. టెన్షన్ పడకండి, అన్నీ అవసరం రావు.

చివర 7 ఉంది కాబట్టి 2, 5 పోయాయి. అంకెల మొత్తం 28, అంటే 3 కూడా కాదు. (ఈ ఏడంకెలను ఎలా తారుమారు చేసినా మొత్తం 28 మారదు, కాబట్టి ఏ వరసలో రాసినా 3తో పోదు.)

7, 11, 13 మూడింటికీ కలిపి ఒకే చిట్కా ఉంది. మన లక్షల కామాలు పక్కనపెట్టి, కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడగొట్టండి: 1, 234, 567. ఇప్పుడు 567లోంచి 234 తీసేసి 1 కలిపితే 334. ఈ మూడింటిలో ఇది దేనితో పోతే పెద్ద సంఖ్య కూడా దానితో పోతుంది. 7తో శేషం 5, 11తో 4, 13తో 9. మూడూ కాదు. ఈ మూడింటి లబ్ధం 1001 కావడమే ఇందులోని కిటుకు.

17 నుంచి మాత్రం ఒక్కొక్కటే భాగించి చూడాల్సిందే. నేను మొదటిసారి 113 దాకా వెళ్లి, విసుగొచ్చి ప్రధాన సంఖ్యేనని తేల్చేశాను. ఆ తర్వాతి ప్రధాన సంఖ్య 127! 1234లో 127 తొమ్మిదిసార్లు, మిగిలింది 91. 5 దించితే 915, ఏడుసార్లు, మిగిలింది 26. 6 దించితే 266, రెండుసార్లు, మిగిలింది 12. 7 దించితే సరిగ్గా 127. శేషం సున్నా, భాగఫలం 9721.

మరి 9721 సంగతి? దీని వర్గమూలం 99 లోపే. అంతకన్నా చిన్న ప్రధాన సంఖ్య ఏదైనా దీన్ని భాగిస్తే, అది 12,34,567ను కూడా భాగించాలి. అవన్నీ ఇందాకే చూసేశాం. కొత్తగా ఒక్క భాగహారం కూడా చేయకుండానే 9721 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కాబట్టి భాజకాలు నాలుగే: 1, 127, 9721, 12,34,567. వాటి మొత్తం కావాలంటే విడివిడిగా కూడక్కర్లేదు, 128ని 9722తో గుణించండి: 12,44,416.

ఇంకొక గుణం. వర్గ సంఖ్యను 4తో భాగిస్తే శేషం 0 గానీ 1 గానీ వస్తుంది. రెండు వర్గాలు కలిపినా శేషం 2 దాటదు. మనకు చివరి రెండంకెలు 67, శేషం 3. అంటే ఏ రెండు వర్గాలను కూడినా 12,34,567 రాదు.

ఇప్పుడు చివర 8 చేర్చి 1,23,45,678 తీసుకోండి. 2తో పోతుంది. అంకెల మొత్తం 36 కాబట్టి 9తోనూ పోతుంది. మిగిలే 6,85,871కి మాత్రం 47 దాకా ఓపిక పట్టాలి.