టీవీలో చూసి దుస్తులు కొనేవారికి: మోడల్‌ను ఎలా చూడాలి, ఏ కొలతలు అడగాలి

బతుకమ్మ, దసరా దగ్గరపడుతున్నప్పుడు వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఇళ్ళలో టీవీ షాపింగ్ ఛానళ్ళు చూసి గానీ, దుకాణాల వారు ఫోన్ లైవులో చూపినవి చూసి గానీ చుడీదార్లు, అనార్కలీలు, చీరలు తెప్పించుకోవడం ఇప్పుడు మామూలైంది. పార్సిల్ విప్పాక చాలామంది నోట వినిపించేది ఫిట్టింగు మాటే: భుజం జారుతోంది, చంక దగ్గర పట్టేస్తోంది, మోడల్‌కు పిక్కల దాకా ఉన్నది మనకు మడమలను తాకుతోంది. ఈ ఇబ్బందిని చాలావరకు ఆర్డరుకు ముందే తప్పించుకోవచ్చు.

ముందుగా స్టూడియోలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. బట్టల తయారీదారు తన ప్రాథమిక సైజును ‘ఫిట్ మోడల్’ అనే వ్యక్తి ఒంటి మీద సరిచూసుకొని, ఆ నమూనా నుంచి మిగిలిన సైజులను లెక్కగట్టి పెంచుతాడు, తగ్గిస్తాడు. తెర మీదికి వచ్చే మోడల్ సాధారణంగా వేరే మనిషి. ఆమె కోసం వచ్చిన నమూనా తరచుగా ఒకే సైజులో ఉంటుంది కాబట్టి, వదులుగా ఉన్నచోట వీపు వెనక క్లిప్పులతో బిగించడం, మెడ అంచు కదలకుండా లోపల అంటుకునే టేపు వేయడం, అడుగున షేప్‌వేర్ (ఒంటిని బిగించి పట్టే లోదుస్తు) తొడిగించడం ఫ్యాషన్ చిత్రీకరణలో పాతుకుపోయిన అలవాట్లు. గుడ్డ ముడతల్లేకుండా కెమెరాకు కనిపించాలన్నదే వారి తాపత్రయం కావచ్చు, కానీ ఆ బిగింపు మన పార్సిల్‌లో రాదు.

అమెరికాలో 1986లో మొదలైన క్యూవీసీ వంటి ఛానళ్ళలో ఒకే దుస్తును వేర్వేరు ఒడ్డూ పొడుగూ గల మోడళ్ళకు వేసి, ఎవరు ఏ సైజు వేసుకున్నారో వ్యాఖ్యాత చెప్పే పద్ధతి ఉంది. మన దేశంలో 2008లో హోమ్‌షాప్18 అనే ఛానల్ వచ్చాక టీవీ షాపింగ్ బాగా అలవాటైనా, ఒకే సన్నని, పొడవాటి మోడల్‌తో కార్యక్రమం నడిపించే తీరు ఇప్పటికీ కనిపిస్తుంది. మోడల్ ఎత్తు, ఆమె వేసుకున్న సైజు ఈ రెండూ చెప్పని చోట, అడిగినా తెలియని చోట, కుట్టిన దుస్తులు కొనకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

క్లిప్పులు పెట్టారో లేదో తెర మీదనే కొంత పసిగట్టవచ్చు. మోడల్ ఎంతసేపటికీ వెనక్కి తిరగకపోతే అనుమానించాలి. నడుము దగ్గర అడ్డంగా సాగిన ముడతలు పక్క నుంచి వీపు వైపు పోతుంటే, పక్క కుట్టు నిటారుగా దిగకుండా వెనక్కి లాగినట్టుంటే, చారలో పూలో ఆ కుట్టు దగ్గర వంకరపోతే, వెనక బిగింపు ఉందనే అర్థం. అలాగే నడుము ఒంటికి అతుక్కుని ఉండి చేతులు మాత్రం వదులుగా వేలాడుతుంటే, ఆమె వేసుకున్నది ఆమె సైజు కంటే పెద్దదై ఉంటుంది.

మన టీవీ సెట్టింగు కూడా మోసం చేస్తుంది. పాత 4:3 నిష్పత్తిలో వచ్చే బొమ్మను 16:9 తెరకు నిండుగా సాగదీస్తే మోడల్ మూడింట ఒక వంతు అడ్డంగా పెరుగుతుంది. వెడల్పు బొమ్మను పాత పెట్టె టీవీలో కుదిస్తే నాలుగింట ఒక వంతు సన్నబడుతుంది. తెర మీది గుండ్రని గడియారమో చేతి గాజో కోడిగుడ్డులా కనిపిస్తే రిమోట్‌లో బొమ్మ నిష్పత్తిని సరిచేసుకొని, ఆ తరువాతే దుస్తు అందాన్ని నిర్ణయించుకోవాలి.

ఎత్తు విషయం ఇంకా ముఖ్యం. మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు, అంటే అయిదు అడుగులు. 46 అంగుళాల పొడవున్న కుర్తీ అయిదు అడుగుల ఎనిమిది అంగుళాల మోడల్‌కు నేల నుంచి సుమారు 11 అంగుళాల పైన ఆగితే, అయిదడుగుల మనిషికి నాలుగు అంగుళాల పైన మాత్రమే ఆగుతుంది. మోడల్ హీల్స్ వేసుకుంటే ఈ తేడా మరింత పెరుగుతుంది. అంచు కత్తిరించి మడత కుట్టించుకుంటే పొడవు తగ్గుతుంది సరే, అనార్కలీలో నడుము కుట్టు ఎక్కడ పడుతుందన్నది, చుడీదారు పక్క చీలిక ఎక్కడ మొదలవుతుందన్నది కింద కత్తిరిస్తే మారదు. పొట్టివారు భుజం నుంచి నడుము కుట్టు దాకా ఎంత దూరమో విడిగా అడగాలి.

ఇక అసలు పని, టేపు పట్టడం. ఒంటి కొలత కంటే మీకు బాగా కుదిరిన పాత కుర్తీ కొలత నమ్మదగినది. దాన్ని మంచం మీద కాకుండా నేల మీదో బల్ల మీదో పరచి, ముడతలు సవరించి, చంకకు అంగుళం కింద ఈ పక్క నుంచి ఆ పక్కకు కొలిచి రెట్టింపు చేస్తే ఛాతి కొలత వస్తుంది. ఇదే తీరున నడుము, సీటు కొలిచి, భుజం కుట్టు నుంచి కుట్టుకు వెడల్పు, చంక గుండ్రం, చేతి పొడవు, మొత్తం పొడవు ఒక కాగితం మీద రాసి టీవీ దగ్గర పెట్టుకోవాలి.

ఆర్డరు చేసే ఫోన్‌లో మొదట అడగవలసిన ప్రశ్న: లేబుల్ మీద ఉన్న 40 అనే అంకె ఒంటి ఛాతి కొలతా, కుట్టిన దుస్తు ఛాతి కొలతా? కంపెనీని బట్టి ఇది మారుతుంది, ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. సాగని నూలు, సిల్కు గుడ్డకు ఒంటి కొలత మీద రెండు నుంచి నాలుగు అంగుళాల లూజు ఉండాలి. 38 అంగుళాల ఛాతికి 38 అంగుళాల కుట్టిన కుర్తీ వస్తే చెయ్యి ఎత్తడానికే వీలుపడదు. సాగే గుడ్డకు ఈ లూజు అక్కర్లేదు. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుదించుకుపోవచ్చు కాబట్టి, ముందే తడిపి కుట్టారా అని కూడా అడగాలి.

సైజుల గందరగోళానికి మూలం మన ఒంటి తీరుకు సొంత కొలతల పట్టిక చాలాకాలం లేకపోవడం. ఆ లోటు తీర్చడానికే నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ సాంకేతిక విద్యా సంస్థ) ‘ఇండియాసైజ్’ పేరుతో హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 25,000 మందికి పైగా మనుషులను త్రీడీ స్కానర్లతో కొలిచే సర్వే చేపట్టింది. 2017లో శంకుస్థాపన జరిగిన మన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కుట్టే దుస్తులు ఒకనాడు మన ఒంటి కొలతలతో తెర మీదికి రావాలని నా కోరిక.

రెండు సైజుల మధ్య పడితే భుజానికి, ఛాతికి సరిపోయే పెద్ద సైజునే తీసుకోవాలి. టేలర్ పక్కలు పట్టగలడు, చేతులు కుదించగలడు, లోపల మార్జిన్ గుడ్డ ఉంటే కొంత విప్పగలడు కూడా. భుజం, చంక, మెడ లోతు మాత్రం కత్తిరింపులోనే తేలిపోతాయి. వాటిని సరిచేయాలంటే దుస్తు మొత్తం విప్పవలసిందే. సద్దుల బతుకమ్మకు వారం ముందు టేలర్లు కొత్త పని ఒప్పుకోవడం కష్టం కనుక, ఆల్టరేషన్‌కు కూడా రోజులు లెక్కపెట్టుకుని ఆర్డరు చేయాలి.

చీరకు ఇంత తంటా లేదు. పొడవు అయిదున్నర మీటర్లు ఉందా, జాకెట్టు గుడ్డ అందులో కలిసి ఉందా విడిగానా, పన్నా (వెడల్పు) ఎంత అన్నవి అడిగితే చాలు. మోడల్ కుచ్చిళ్ళు ముందే మడిచి ఇస్త్రీ చేసినవై ఉంటాయి కాబట్టి, గుడ్డ ఎలా జాలువారుతుందో తెలియాలంటే వ్యాఖ్యాత కొంగును చేతిలో పట్టుకొని వదిలే క్షణాన్ని చూడాలి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, లేబుల్ తెంపకముందే టేపుతో కొలవాలి. తరువాత వేసుకొని నిలబడి అద్దంలో చూస్తే సరిపోదు: బతుకమ్మ ఆడినట్టు వంగి చప్పట్లు కొట్టాలి, చేతులు పైకెత్తాలి, కింద కూర్చుని లేవాలి. చంకలో, వీపు మీద ఎక్కడ పట్టేస్తుందో అప్పుడు తెలుస్తుంది. లోపమున్న సరుకును గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును గానీ వెనక్కి తీసుకోవడానికి ఆన్‌లైన్ అమ్మకందారు నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. సరుకు చెప్పినట్టే ఉండి మనకు కుదరకపోవడం మాత్రం ఆ అమ్మకందారు సొంత షరతుల కిందికి వస్తుంది. అందుకే ఆర్డరు సమయంలో చెప్పిన అంగుళాలను వాట్సాప్‌లోనో మెసేజ్‌లోనో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. వచ్చిన దుస్తు ఆ కొలతలకు తేడాగా ఉంటే, ఆ రాతనూ టేపుతో తీసిన ఫోటోనూ దగ్గర పెట్టుకొని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.