సిట్టింగ్‌కు రమ్మన్నప్పుడు: తిరుపతి హాస్టల్ విద్యార్థికి కొన్ని సూచనలు

తిరుపతికి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థికి సిట్టింగ్‌లో, అంటే మందు కోసం నలుగురు కలిసి కూర్చున్నప్పుడు, మొదటి పెగ్గు కలిపి ఇచ్చేది సాధారణంగా అతని పక్క మంచం మీద పడుకొనే మిత్రుడే. జ్వరం వచ్చిన రోజు మెస్సు నుంచి గంజి తెచ్చిపెట్టినవాడు "ఏం మచ్చా, కంపెనీ ఇయ్యవా?" అని అడిగితే కాదనడానికి నోరు రాదు. కాబట్టి సిద్ధం కావలసింది ఆ పూటకు ముందే.

మొదట "అందరూ తాగుతున్నారు" అన్న లెక్కను సరిచూసుకోవాలి. అమెరికాలో పెర్కిన్స్, బెర్కొవిట్జ్ 1986లో ప్రచురించిన పరిశీలనలోనూ, ప్రిన్స్‌టన్‌లో ప్రెంటిస్, మిల్లర్ 1993లో ప్రచురించిన అధ్యయనంలోనూ తేలిందేమిటంటే, తాగుడు విషయంలో తమకున్న సంకోచం తోటివారికి లేదని విద్యార్థులు పొరబడుతుంటారు. తాగినవారి కేకలు ఫ్లోరంతా వినిపిస్తాయి. అదే రాత్రి తలుపు వేసుకొని రికార్డు రాసుకొనేవారి అలికిడి ఎవరికీ వినబడదు. గత నెలలో తాగుతుండగా మీరు కళ్లారా చూసినవారిని వేళ్ల మీద లెక్కపెట్టండి.

రెండవది షేరు, అంటే ఖర్చులో మీ వాటా. మందుకు ముందే డబ్బు పంపితే, ఇచ్చిన సొమ్ము వృథా అవుతుందన్న బాధతోనే చేయి గ్లాసు మీదికి పోతుంది. బిర్యానీకీ సోడాలకూ మాత్రమే ఇస్తానని ముందే చెప్పండి. పిసినారి అన్న మాట పడకుండా ఉండడానికి కాస్త ఎక్కువే ఇచ్చినా నష్టం లేదు.

కూర్చున్నాక ఖాళీ చేతితో ఉండకండి, ఎవరో ఒకరు నింపుతారు. నిమ్మకాయ సోడా మీరే కలుపుకొని చేతిలో ఉంచుకోండి. "నాకొద్దు, మీరు కానివ్వండి" అని ఒక్క ముక్కలో చెప్పి మాట మార్చండి. మాత్రలు వేసుకుంటున్నానంటే ఏ మాత్రలని అడుగుతారు. ప్రతి కారణమూ ఒక వాదనకు దారి తీస్తుంది. మన ఊళ్లో చెల్లే కారణం ఒకటుంది: తెల్లవారుజామున అలిపిరి నుంచి నడిచి కొండకు పోవాలంటే ఎంత మొండివాడైనా బలవంతం చేయడు. అయితే చెప్పినందుకు ఆ 3,550 మెట్లూ ఎక్కడం మేలు, పైగా ఇది వారం వారం చెల్లే మాట కాదు. గదిలో తాగకుండా కూర్చున్న రెండో మనిషి ఉంటే అతని పక్కన చేరండి. ఒంటరిగా వద్దనడం కంటే ఇద్దరుగా వద్దనడం చాలా సులువు.

ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. తాగినవారి బండి ఎక్కవద్దు, వారికి తాళాలు ఇవ్వవద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అది ఒంట్లో కరగడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది, మజ్జిగ తాగినా తలస్నానం చేసినా ఆ సమయం తగ్గదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎవరైనా పడిపోయినప్పుడు వార్డెన్‌కు తెలుస్తుందన్న భయంతో అందరూ కలిసి మౌనం వహించడం. లేపినా లేవకపోయినా, పెదవులు నీలంగా మారినా, శ్వాస బాగా నెమ్మదించినా నిద్రలే అని వదిలేయకూడదు. వాంతి గొంతుకు అడ్డుపడకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎంత తాగాడో దాచకుండా చెప్పండి, అంబులెన్స్ వచ్చేదాకా ఒకరు దగ్గరే కూర్చొని శ్వాసను గమనిస్తూ ఉండండి.